ప్రాథమిక బడి టీచర్‌గా ఎదగడం అంటే మీ దృష్టిలో ఏమిటి?

బలపం (ఎస్‌జీటీ, విజయనగరం జిల్లా)

అందరికీ నమస్కారం.

మా ఎస్‌జీటీలకు, అంటే ప్రాథమిక బడి టీచర్లకు, ఎదుగుదల అనగానే బంధువులు అడిగేవి రెండే ప్రశ్నలు. స్కూల్ అసిస్టెంట్ (పై తరగతుల టీచరు) ప్రమోషన్ వచ్చిందా? ఎల్ఎఫ్ఎల్ హెచ్ఎం (ప్రాథమిక బడి హెడ్మాస్టరు) అయ్యావా? ఆ రెండూ సీనియారిటీ లిస్టు కదిలినప్పుడు వస్తాయి. అవి రాకపోయినా సర్వీసు 6, 12, 18, 24 ఏళ్ళు నిండినప్పుడు జీతం పెంచే స్కేళ్ళు ఉండనే ఉన్నాయి. అయితే పిల్లలకు చదువు చెప్పే పనిలో నిరుటికంటే ఈ ఏడు మెరుగయ్యానా అన్నది వీటిలో ఏదీ చెప్పదు. నాకు కావలసింది ఆ జవాబు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మాది ఇద్దరు టీచర్ల బడి. అయిదు తరగతులు, రెండు గదులు, ఒక వరండా. ఒక నోటుబుక్కు పేజీ గురించి చెప్తాను. మూడో తరగతి అమ్మాయి 52లోంచి 38 తీసేసి 26 వేసింది. దాని కింద 71లోంచి 45 పోతే 34. ఆ కింద 60లోంచి 27 పోతే 47. చూడగానే పేజీ అంతా తప్పులే అనిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే, ఆ పిల్ల ఒకే నియమాన్ని మూడు లెక్కల్లోనూ తప్పకుండా పాటించింది. ఏ నిలువు వరసలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి, అంతే. ఈ నియమం తనకెక్కడ దొరికింది? "చిన్నదాంట్లోంచి పెద్దది పోదు" అని మనం తరగతిలో రోజూ చెప్పే మాటే అది. పిల్ల శ్రద్ధగా విని, పోయేలా తిప్పుకుంది.

అలాంటప్పుడు బోర్డు మీద "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని మళ్ళీ చేసి చూపిస్తే ఆ పిల్లకు ఏమీ మారదు. కొబ్బరి ఈనెలు తీశాను. పదేసి కట్టినవి 5 కట్టలు, విడిగా 2 ఇచ్చి, "నాకు 38 ఇవ్వమ్మా" అన్నాను. మూడు కట్టలు ఇచ్చింది. విడిగా ఉన్న రెండూ ఇచ్చింది. ఆగిపోయింది. చేతిలో ఇంకా రెండు కట్టలున్నాయి, ఇవ్వాల్సినవి ఆరు ఈనెలు. కాసేపు అటూ ఇటూ చూసి, "కట్ట విప్పొచ్చా టీచర్?" అంది. విప్పమన్నాను. ఆరు తీసిచ్చి, మిగిలినవి లెక్కపెట్టుకుని 14 అని చెప్పింది. తర్వాత తన పుస్తకంలో 26 కేసి చూసి, నేను చెప్పకుండానే కొట్టేసింది. మిగతా రెండు లెక్కలు కూడా తనే మళ్ళీ చేసుకుంది.

"కట్ట విప్పొచ్చా" అన్న ప్రశ్న పిల్ల నోటినుంచి రావాలి. అది వచ్చేదాకా టీచరు మాట్లాడకుండా ఉండాలి. మామూలు విషయంలా ఉంటుంది గానీ, అది నాకు అలవాటు కావడానికి ఏళ్ళు పట్టింది.

కాబట్టి నా లెక్కలో ఎదుగుదల అంటే ఇది: పిల్లల తప్పు వెనక ఏ ఆలోచన ఉందో కనిపెట్టగలగడం, దానికి తగిన తర్వాతి పని చేతిలో సిద్ధంగా ఉండడం. ఇది నాకు ఒంటరిగా వచ్చింది కాదు. మా బడిలో ఇంతకుముందు పనిచేసిన సహోపాధ్యాయినికి, నాకూ ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం పిల్లలు వెళ్ళాక ఆవిడ తరగతి నోటుబుక్కులు నేను, నా తరగతివి ఆవిడ చూసేవాళ్ళం. మన పిల్లల తప్పులు రోజూ చూసి చూసి మనకు ఆనవు. పక్కవాళ్ళకు ఇట్టే కనిపిస్తాయి. ఆవిడ బదిలీ మీద వెళ్ళాక ఆ లోటు బాగా తెలుస్తోంది.

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిలో మెరుగయ్యేందుకు నేర్చుకోవాలని చెప్పింది. మంచి మాట. ఆ 50 గంటల్లో మన పిల్లల నోటుబుక్కు ఒక్కటైనా తెరుస్తున్నామా? మీరు ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాయండి.

---

గోదారి మాస్టారు (రిటైర్డ్ హెచ్ఎం, పశ్చిమ గోదావరి)

అమ్మా, మంచి విషయం ఎత్తావు. ఈనెల కట్టలు చదువుతుంటే నా పాత రోజులు కళ్ళ ముందుకొచ్చాయి.

ఎనభైల చివర, తొంభైల్లో ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) అని ఒకటి నడిచింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల కోసం పెట్టింది. ఆరు సూత్రాలు చెప్పేవాళ్ళు. టీచరు తానే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ తరగతి మొత్తంగానూ పని జరగాలి, ఏ పిల్లవాడి తీరు వాడిదని గుర్తించాలి, ఊళ్ళో దొరికేవి వాడుకోవాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి. ఇప్పుడు కొత్త పేర్లతో వస్తున్నవాటిలో చాలావరకు అవే.

అందులో గదికి అడ్డంగా తాడు కట్టి పిల్లల కాగితాలు వేలాడదీయడం అందరికీ గుర్తుండిపోయింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు తాడు ఉందా లేదా చూసేవాళ్ళు. ఆ కాగితం మీద పిల్లవాడు ఏం రాశాడో చదివినవాళ్ళు తక్కువ. నాకు బాధ కలిగేది అక్కడే.

కానీ ఉపాధ్యాయ కేంద్రాల సమావేశాలు మాత్రం నాకు నిజంగా ఉపయోగపడ్డాయి. చుట్టుపక్కల బడుల టీచర్లం ఒకచోట కలిసేవాళ్ళం. మా కేంద్రంలో ఒక పెద్దాయన ఉండేవారు. ఎవరైనా మాదిరి పాఠం చెప్తుంటే మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోనిచ్చేవారు కాదు. "పాఠం చెప్పేవాణ్ణి చూడకండి. తలా ఒక పిల్లవాడి పక్కన కూర్చుని, వాడేం చేస్తున్నాడో రాసుకోండి" అనేవారు. పాఠం అయ్యాక చర్చంతా ఆ రాసుకున్నవాటి మీదే. పాఠం చెప్పిన టీచరుకు అవమానం ఉండేది కాదు. ఎందుకంటే మాట్లాడేది ఆయన గురించి కాదు, పిల్లల గురించి. ఇప్పుడు చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఈ ఒక్క పని చేసినా చాలు.

ఇంకో మాట. మన చిన్న బడుల్లో ఉన్న ఒక అదృష్టం మనవాళ్ళు గుర్తించరు. అయిదేళ్ళు అదే పిల్ల మన కళ్ళ ముందే ఉంటుంది. ఒకటో తరగతిలో మనం చెప్పిన మాట మూడో తరగతిలో ఏ రూపంలో బయటపడిందో చూడగలం. హైస్కూలు వాళ్ళకు ఆ అవకాశం లేదు.

---

పాలమూరు పిలగాడు (ఎస్‌జీటీ, నాగర్‌కర్నూల్ జిల్లా)

నమస్తే మేడం, నమస్తే సార్. నేను 2024 డీఎస్సీల సెలెక్ట్ అయి వచ్చిన. డీఎడ్‌ల చదివిన సైకాలజీ అంతా గుర్తుంది. కానీ ఒకే గదిల ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లలు నన్నే చూస్తుంటే మొదట్ల మస్తు టెన్షన్ అయింది. ఒకటోళ్ళకు అక్షరాలు దిద్దిస్తుంటే మూడోళ్ళు కొట్లాడుకుంటరు. మూడోళ్ళకు లెక్కలు చెప్తుంటే ఒకటోళ్ళు బయటికి ఉరుకుతరు.

మా దగ్గర 2022-23 నుంచి తొలిమెట్టు అని చదవడం, లెక్కల పునాది కార్యక్రమం నడుస్తోంది కదా. ప్రతి పిల్లగాని స్థాయి చూసి, దాన్ని బట్టి చెప్పాలె. స్థాయి పట్టిక రాయడం నాకు వచ్చింది. ఫలానా పాప పదాలు చదువుతది, వాక్యాలు చదవదు అని రాస్త. మరి ఆ పాప వాక్యం ఎందుకు చదవలేకపోతోంది అంటే నా దగ్గర జవాబు లేదు. మేడం రాసింది చదివినంక తెలిసింది, నేను అడగాల్సిన ప్రశ్న అదే అని.

ఒక పాప "ఆవులు మేస్తున్నాయి" అన్నదాన్ని "ఆమలు" అని మొదలుపెట్టి ఆగిపోతది. ఆవు తెలుసు, వాళ్ళింట్ల ఉంది కూడా. అక్షరమాల మొత్తం చెప్తది. ఏం చేయాలె?

---

బలపం

తమ్ముడూ, ఆ పాపకు అక్షరాలు వచ్చు, కాబట్టి మళ్ళీ అ నుంచి మొదలుపెట్టొద్దు. తనకు అడ్డం పడుతున్నది వు. క, త, ల లాంటివాటికి కొమ్ము అక్షరం పక్కన వస్తుంది. ప, ఫ, వ లకు మాత్రం కిందనుంచి వస్తుంది. వ పక్కన కొమ్ము పెడితే అది మ అయిపోతుంది కాబట్టే ఆ ఏర్పాటు. పెద్దవాళ్ళం మనం ఎప్పుడూ ఆలోచించం గానీ, చదవడం నేర్చుకునే పిల్లకు వు, మ కవలల్లా కనిపిస్తాయి.

పాము, పావు, ఆవు, మావి, వామి ఇలా కలిపి కార్డులు రాయండి. ముందు చదివించొద్దు. మ ఉన్నవి ఒక కుప్ప, వు ఉన్నవి ఒక కుప్ప వేయమనండి. పాము ఎటు వేస్తుందో చూడండి. తర్వాత ఇసుకలో వేలితో వు రాయించి, కొమ్ము ఎక్కడ మొదలైంది అని అడగండి. పు తోనూ అదే చేయించండి. పులి, పువ్వు చదివేటప్పుడు కూడా తడబడుతోందా? తడబడితే మన ఊహ సరైనదే.

---

నిచ్చెన (ఎస్‌జీటీ, అన్నమయ్య జిల్లా)

ఒకే గదిలో మూడు తరగతుల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్ళు బహుళ తరగతుల బోధన మీద చేసిన పని ఒకసారి చూడండి. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కార్డులు చేశారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో వాడికే తెలుస్తుంది. తన కార్డు తనే తెచ్చుకుంటాడు. కార్డు మీది గుర్తును బట్టి కొందరు టీచరు దగ్గర కూర్చుంటారు, కొందరు తోటిపిల్లలతో, కొందరు ఒంటరిగా. కర్ణాటకలో నలి-కలి, తమిళనాడులో కృత్యాధార బోధన ఇక్కడి నుంచే దారి పట్టాయి.

దీనిలో నాకు నచ్చింది కార్డులు కాదు. గదిలో అందరూ ఒకేసారి మన వంక చూడరు. అప్పుడు ఒక పిల్ల పక్కన పది నిమిషాలు కూర్చునే వీలు దొరుకుతుంది. బలపం మేడమ్ చెప్పిన పనికి ఆ పది నిమిషాలే కావాలి. కార్డులన్నీ లేకపోయినా, రెండు తరగతులకు సొంతంగా చేసుకునే పని ముందే సిద్ధం చేసి పెట్టుకుంటే చాలావరకు కుదురుతుంది.

---

కొండబడి (ఎస్‌జీటీ, పార్వతీపురం మన్యం జిల్లా)

మాది సవర గూడెం. ఒకటో తరగతికి వచ్చే పిల్లలకు తెలుగు బజారు భాష, సంతలో వినిపించేది. ఇంట్లో సవర. సవర ముండా కుటుంబం భాష, తెలుగు ద్రావిడం. అంటే కన్నడం వచ్చినవాడికి తెలుగు దగ్గరైనంతగా కూడా వీళ్ళకు దగ్గర కాదు. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ లాంటి భాషల్లో తొలి తరగతుల పుస్తకాలు తెచ్చారు. అవి చేతికందిన బడుల్లో పిల్లలు నోరు తెరవడం నేను చూశాను.

మేడమ్ అన్నట్టు పిల్లల తప్పులో ఆలోచన చూడాలంటే ముందు వాళ్ళ భాష మనకు కొంతైనా రావాలి. ఇక్కడ మౌనంగా ఉన్న పిల్లను చూసి "దీనికేమీ రాదు" అనుకోవడం చాలా తేలిక. మా బడిలో వంట చేసే అమ్మ నా మొదటి గురువు. అన్నం, నీళ్ళు, నొప్పి, ఇంటికెళ్తాను లాంటి మాటలతో మొదలుపెట్టి, పిల్లలు ఆడుకునేటప్పుడు వాడే మాటలు దాకా ఆవిడే నేర్పింది. నేను ఆ మాటలు పలుకుతుంటే పిల్లలు దిద్దుతారు. "అలా కాదు టీచర్" అని నాలుగైదుసార్లు పలికించి వదుల్తారు. మాట్లాడని పిల్లలు కూడా అప్పుడు మాట్లాడతారు, ఎందుకంటే ఆ పూట తెలిసినవాళ్ళు వాళ్ళు.

లెక్కల్లో ఒకటి గమనించాను. బోర్డు మీద కూడికలు చేయలేని అబ్బాయి సంతలో చింతపండు, కొండచీపుర్లు అమ్మే తల్లి పక్కన కూర్చుని చిల్లర లెక్క తప్పకుండా చెప్పాడు. వాడికి రానిది కూడిక కాదు, "మొత్తం ఎంత", "ఇంకా ఎన్ని" అన్న తెలుగు ప్రశ్న. ఇప్పుడు ఆ ప్రశ్నలు ముందు సవరలో అడిగి, తర్వాత తెలుగులో అడుగుతాను. మైదానంలో పనిచేసేవాళ్ళకు ఈ సంగతి వేరే లోకంలా అనిపించొచ్చు. కానీ లంబాడీ తండాల్లో, వలస వచ్చిన ఒడియా ఇటుకబట్టీ పిల్లలున్న బడుల్లో పనిచేసేవాళ్ళకు అర్థమవుతుంది.

---

సూటిమాట (ఎస్‌జీటీ, ప్రకాశం జిల్లా)

అందరి పోస్టులూ బాగున్నాయి. నేను మాత్రం ఒప్పుకోని విషయం ఒకటుంది. ఎదగడమంతా టీచరు మనసులో, ఓపికలో ఉందన్నట్టు మాట్లాడుతున్నాం. సమయం సంగతేమిటి?

పొద్దున హాజరు ఫోటోలు, మధ్యాహ్నం భోజనం ఫోటోలు. కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫోటోలు కూడా. సర్వర్ పనిచేయకపోతే ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. ఆ సమయంలో ఏ పిల్ల 26 వేసిందో ఎవరు చూస్తారు?

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనతో సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదు. ఇది చాలామందికి తెలుసు. చాలామందికి తెలియనిది చట్టం చివర షెడ్యూల్లో ఉంది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు. టీచరుకు వారానికి కనీసం 45 గంటలు, తయారీ సమయం కూడా కలుపుకుని. తయారీ సమయం కలుపుకుని అని చట్టంలోనే ఉంది! పాఠం తయారుచేసుకోవడం, నోటుబుక్కులు చూడడం మన పని గంటల్లో భాగమని దేశం ఒప్పుకుంది. టైంటేబుల్లో ఆ గడి ఎక్కడుంది? ముందు అది అడగాలి.

---

ప్రవాసి టీచర్ (ఎలిమెంటరీ స్కూల్, టెక్సాస్)

సూటిమాట గారితో గొంతు కలుపుతున్నాను. నేను కడపలో ప్రైవేటు స్కూల్లో చెప్పేదాన్ని. పెళ్ళయి ఇక్కడికొచ్చాక మళ్ళీ సర్టిఫికేషన్ చేసి మూడో తరగతి చెబుతున్నాను. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రతి టీచరుకు రెండు వారాలకు కనీసం 450 నిమిషాలు ప్లానింగ్ సమయం ఇవ్వాలి, అదీ బడి వేళల్లోనే. మా బడిలో మూడో తరగతి చెప్పే టీచర్లమంతా ఆ సమయంలో వారానికోసారి కలుస్తాం. పిల్లల పేపర్లు బల్ల మీద పరుస్తాం. నమ్మండి, 52లోంచి 38 పోతే 26 ఇక్కడి పిల్లలూ వేస్తారు. స్పానిష్ మాట్లాడే పిల్ల వేస్తుంది, వియత్నామీస్ పిల్లాడూ వేస్తాడు.

ఇక్కడంతా గొప్పగా ఉందని చెప్పను. మూడో తరగతి నుంచే రాష్ట్ర పరీక్ష ఉంటుంది. అది దగ్గరపడే కొద్దీ ఆ మీటింగుల్లో పిల్లల ఆలోచన పక్కకు పోయి మార్కుల పట్టికలు వస్తాయి. అంటే సమయం ఇచ్చినంత మాత్రాన సరిపోదు, దాన్ని కాపాడుకోవాలి కూడా. కానీ అసలు సమయమే లేనిచోట కాపాడుకోవడానికి ఏముంటుంది?

---

గోదారి మాస్టారు

సూటిమాట బాబూ, నువ్వన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. సంఘాల తరఫున అడగండి, గట్టిగా అడగండి. మా రోజుల్లో ఫోటోలు లేవు గానీ, ఓటర్ల జాబితాలు, పశుగణన, ఇంటింటి సర్వేలు ఉండేవి.

అయితే ఆ గడి టైంటేబుల్లోకి వచ్చేదాకా ఆగమంటే నేను ఒప్పుకోను. మూడో తరగతి పిల్ల ఈ ఏడాదే మూడో తరగతిలో ఉంటుంది. వచ్చే ఏడాది హక్కు సాధిస్తే అది దాని చెల్లెలికి ఉపయోగం.

---

సూటిమాట

మాస్టారూ, ఆగమనలేదు. రెండూ కలిసి నడవాలంటున్నాను. ఈసారి కాంప్లెక్స్ మీటింగుకు ప్రతి ఒక్కరూ అయిదు నోటుబుక్కులు తెమ్మని నేనే ప్రతిపాదిస్తాను. అజెండాలో గంట సేపు అడుగుతాను. మినిట్స్‌లో రాయిస్తాను కూడా.

---

పాలమూరు పిలగాడు

మేడం, కార్డులు చేసిన. పాప పాము కార్డు తీసుకపోయి వు కుప్పల వేసింది! పువ్వు చదవమంటే ఆగిపోయింది. మీరన్నట్టే ఉంది. ఇసుకల రాయించినంక తనే "కింద నుంచి వస్తోంది సార్" అన్నది. వాక్యం ఇంకా గబగబ రాదు గానీ, "ఆవులు" దగ్గర ఆగుతలేదు. మా సీనియర్ సార్‌కు చూపిస్తే ఆయన తరగతి పిల్లల పుస్తకాలు కూడ ముందట పెట్టిండు. ఇప్పుడు ఇద్దరం కలిసి చూస్తున్నం.

ఇంకోటి దొరికింది. మూడో తరగతి బాబు "నూట ఐదు" రాయమంటే 105 కరెక్టుగ రాసిండు. "మూడు వందల ఐదు" రాయమంటే 3005 రాసిండు. ఒకటి వచ్చి ఇంకోటి ఎందుకు రాలే?

---

బలపం

భలే పట్టారు తమ్ముడూ. నా అంచనా చెప్తాను, సరిచూడండి. 105 ఆ బాబుకు చూసి చూసి గుర్తుండిపోయిన బొమ్మ. అంకెల చార్టులో 100 తర్వాత అవే కదా వస్తాయి. 305 చార్టులో లేదు. కాబట్టి చెవికి వినిపించినట్టు రాశాడు: మూడు వందలు అంటే 300, దాని పక్కన 5. నిజానికి 300 దాకా సరిగ్గానే విన్నాడు. వాడు ఇచ్చిన సున్నాల్లో ఒకటి ఎక్కువైంది, అంతే.

అట్టతో 300 కార్డు ఒకటి పొడవుగా, 5 కార్డు ఒకటి పొట్టిగా కత్తిరించండి. 5ని 300 చివరి సున్నా మీద పెట్టించండి. 50 కార్డు కూడా చేయండి, అది చివరి రెండు సున్నాలనూ కప్పాలి. మీరు పెట్టి చూపించొద్దు, వాడే పెట్టాలి. తర్వాత కార్డులు తీసేసి 305, 350, 355 రాయించి, ఏది పెద్దదో అడగండి. "ఎలా చెప్పావు" అని కూడా అడగండి. వాడు చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు ఇక్కడ రాయండి. నాలుగో తరగతిలో నాకూ ఇలాంటి అబ్బాయి ఒకడున్నాడు, 1,040 దగ్గర. రెండూ పక్కన పెట్టి చూద్దాం.